ఏ కొదవా లేదు

కుప్పంలో బస్సెక్కి మదనపల్లెలో దిగేసరికి నడుం మనది కాకుండా పోతుంది. అయినా రెండు వారాలకొకసారి, శనివారం బడి వదిలాక, మదనపల్లెలో ఉన్న ఇంటికి పోవడానికి నాకు ఆ ప్రయాణం తప్పదు. మొన్న వెంకటగిరికోటలో ఒకామె రెండు సంచుల పట్టుగూళ్లతో ఎక్కింది. మర్నాడు పొద్దున మదనపల్లె మార్కెట్టులో వేలానికి పెట్టాలట. సంచులు పైన వెయ్యమని కండక్టరు, ఎండకు పాడైపోతాయని ఆమె కాసేపు వాదులాడుకున్నారు. చివరికి ఒక సంచి డ్రైవరు వెనకాల, ఇంకొకటి నా కాళ్ల దగ్గర సర్దుకున్నాయి. ఆమె నా పక్క సీట్లో కూర్చుంది.

ముందు సీట్లో కుర్రాడు రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. పట్టుగూళ్ల వాసన అలవాటు లేనివాళ్లకు కష్టమే. వాడిపోయిన మల్బరీ ఆకు, సున్నం, కొంచెం పులుపు, కొంచెం నీచు, అన్నీ కలిసి ఉంటాయి అందులో. నాకు మాత్రం అది చిన్నప్పటి మా ఊరి బడి వాసన. కళ్లు మూసుకుని ఎంత పీల్చుకోగలనో అంత పీల్చుకున్నాను.

ఆ రోజు నా చేతి సంచిలో ఒక ఫారం ఉంది. కుప్పం దగ్గర నేను ఇప్పుడు పనిచేసే బడిలో తాత్కాలికంగా పాఠాలు చెప్పే అమ్మాయి ఒకతె ఉంది. ఆమె గురించి హెడ్మిస్ట్రెస్‌గా నేను పైకి రాసి పంపాల్సిన ఫారం అది. అన్ని గళ్లూ నింపేశాను గానీ, ‘స్థానికుల సహకారం’ అన్న గడి దగ్గర మూడు రోజులుగా నా పెన్ను మొరాయిస్తోంది. రాయడానికి మాటలు లేక కాదు. ఆ గడిలో ఏం రాయాలో నాకు తొమ్మిదేళ్ల వయసులోనే బాగా తెలుసు. తెలిసి చెప్పి, ఒక మనిషి బతుకును పక్కకు తిప్పేశాను.

మా ఊరు పుంగనూరుకూ మదనపల్లెకూ మధ్య, క్రాస్ దగ్గర దిగి మైలున్నర లోపలికి నడిస్తే వస్తుంది. అప్పట్లో ముప్పై గడపలుండేవి. ఇంటింటికీ ఇంత మల్బరీ తోట, ఇంత టమాటా, ఒకటో రెండో జెర్సీ ఆవులు. బడి అంటే ఒకటే గది. ఆ గదిలో సగం మాది, సగం పట్టుపురుగుల సామానుది. మేపు లేని రోజుల్లో ఊరివాళ్లందరూ తమ తట్టలూ చంద్రికలూ తెచ్చి బడిలోనే పడేసేవాళ్లు. చంద్రిక అంటే పండిన పురుగు గూడు కట్టుకోవడానికి వెదురుతో చుట్లు చుట్లుగా అల్లిన చాప. మనిషెత్తు ఉంటుంది. ఎక్కాలు రానప్పుడు దాని వెనక్కి పోయి కూర్చుంటే సరిపోయేది.

బడిలో ఉండిన సారు బదిలీ మీద వెళ్లిపోయాక ఆ ఖాళీలోకి ఎవరినీ వెయ్యలేదు. ఒక ఏడాది బడికి తాళం పడింది. మేమందరం ఆకు కోసుకుంటూ, టమాటా బాక్సులు మోసుకుంటూ హాయిగా ఉన్నాం. ఆ తర్వాత వాలంటీరు పేరుతో టీచరమ్మ వచ్చింది. వాలంటీరంటే ఏమని మా తాతను అడిగాను. సర్కారోళ్లకు జీతమియ్యడం బరువైనప్పుడు పెట్టే పేరని చెప్పాడు. ఆయన అన్ని సంగతులూ అలాగే చెప్పేవాడు, అందులో నిజమెంతో ఎవరూ అడగరు.

టీచరమ్మ మదనపల్లెలో మగ్గాల సందులో తల్లితో ఉండేది. తండ్రి లేడు. తల్లికి చూపు తగ్గి మగ్గం దిగేసింది. ఈమె డిగ్రీ చదివి ఇంటి బరువు నెత్తిన వేసుకుంది. మొదటి బస్సుకు వచ్చి క్రాస్‌లో దిగి, మైలున్నర నడిచి, మేము ముఖాలు కడుక్కునేలోపే బడి ఊడ్చేసి ఉండేది. పల్చటి మనిషి. చేతిలో ఒక ప్లాస్టిక్ బుట్ట. ఆ బుట్టలో సుద్దముక్కలు ఆమె సొంతానికి కొన్నవి. గోరంత ముక్క కూడా పారేసేది కాదు, వేలికీ బోర్డుకూ మధ్య అరిగిపోయేదాకా రాసేది.

వచ్చిన వారానికే బోర్డుకు నలుపు పెట్టించింది. మా పిల్లలందరినీ దొండాకు తెమ్మంది. బొగ్గులు తెమ్మంది. రాతి మీద రెండూ కలిపి నూరి, ఆ పసరుతో బోర్డంతా పులిమాం. చేతులు, మూతులు, గౌన్లు అన్నీ నల్లగా అయ్యాయి. ఇళ్లకు పోతే వీపులు వాచాయి. మర్నాడు ఆ నల్లటి బోర్డు మీద తెల్లటి అక్షరం పడితే ఎంత ముచ్చటేసిందో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు. ఆ పచ్చి దొండాకు వాసన కోసం నేను ఇప్పటికీ దొండకాయలు కొనేటప్పుడు ఆకేమైనా తగులుకుని ఉందా అని వెతుకుతాను.

ఆమెకు రావాల్సిన డబ్బు ఎప్పుడో నాలుగు నెలలకు ఒకసారి వచ్చేది. ఎండాకాలం సెలవులకు అసలే లేదు. ఈ సంగతి మా తాత చెవిన పడింది. తాత బడి కమిటీ పెద్ద. ఆయనకు ఊరి పరువు అంటే సొంత పరువు కిందే లెక్క. ఆ సాయంత్రమే అందరినీ కూర్చోబెట్టి, మనూరికొచ్చి చదువు చెప్పే ఆడబిడ్డ మధ్యాహ్నం పస్తుండకూడదు, దినానికొక ఇల్లు చొప్పున కూడు పెట్టాల్సిందే అని తీర్మానించేశాడు. ఎవరి వంతు రోజున ఆ ఇంటి పిల్ల క్యారియరు తేవాలి.

మొదట్లో సంగటి, చెనిక్కాయలు నూరి చేసిన ఊరుబిండి పచ్చడి వచ్చేవి. ఆ తర్వాత ఆడవాళ్లలో పోటీ మొదలైంది. ఒకింట్లో కోడిగుడ్డు పులుసు పెట్టారని తెలిస్తే, మర్నాటి ఇంటావిడ రాత్రే కోళ్ల గంప వైపు చూసేది. బెల్లమన్నం, చింతచిగురు పప్పు, నిప్పట్లు... మా ఇళ్లల్లో పండక్కి కూడా కనపడనివి ఆ క్యారియరులో కనపడేవి. నేనూ మా పక్కింటి పిల్లా జంటగా తిరిగేవాళ్లం. మా ఇళ్ల వంతు వస్తే, అయిదు నిప్పట్లు పెట్టిన క్యారియరు బడి చేరేసరికి మూడు నిప్పట్లయ్యేది. టీచరమ్మ మూత తీసి, మా మూతుల వైపు చూసి, ఆ మూడింట్లోంచి ఇంకొకటి తుంచి మాకే పెట్టేది. ఒక్క మాటా అనేది కాదు. మాకు సిగ్గు కూడా ఉండేది కాదు.

చలికాలం వస్తే మా ఇంటి వంతుకు పితికిపప్పు ఖాయం. చిక్కుడులాంటి అనపకాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య నొక్కితే పప్పు పొట్టులోంచి జారి గిన్నెలో పడుతుంది. సాయంత్రం దీపాలు పెట్టాక అమ్మ, అవ్వ, నేను వాకిట్లో కూర్చుని పితికేవాళ్లం. తాత తాను కూడా పితుకుతానని వచ్చేవాడు గానీ, పితికిన వాటికంటే నోట్లో వేసుకున్నవే ఎక్కువ. ఆ పప్పు కూర ఉడుకుతుంటే వీధి చివరిదాకా ఘుమఘుమలాడేది.

టీచరమ్మ ఏది పెట్టినా సగమే తినేది. మిగతా సగం ఏమవుతుందో నాకు ఒకరోజు కిటికీలోంచి కనబడింది. తన బుట్టలోంచి స్టీలు డబ్బా తీసి, క్యారియరు కింది గిన్నెలోది అందులోకి వంచుకుంటోంది. నేను లోపలికి వెళ్లి సూటిగా అడిగేశాను. ఆమె కొంచెం నవ్వి, “మా అమ్మకు పాపా. ఆయమ్మకు మీ ఊరి పితికిపప్పంటే పానం” అంది. ఎవరికీ చెప్పొద్దని అనలేదు. అనాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచి ఉండదు.

పురుగులు నాలుగో జ్వరం లేచిన రోజుల్లో మా ఊళ్లో బడి నడవదు. జ్వరమంటే రోగం కాదు. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మాని కదలకుండా పడుకుంటుంది, దాన్ని మావాళ్లు జ్వరం అంటారు. నాలుగోసారి లేచిందంటే ఇక ఆకలే ఆకలి. ఎంత ఆకు వేసినా చాలదు. పిల్లా పెద్దా అందరూ తోటలోనో పురుగుల ఇంట్లోనో ఉండాల్సిందే. పాత సారు ఆ వారం రోజులు అందరికీ ఆబ్సెంటు వేసి, చెట్టు కింద పేపరు చదువుకునేవాడు. టీచరమ్మ అలా కూర్చోలేదు. పురుగుల ఇంటికే బడిని తెచ్చేసింది.

పురుగుల ఇంట్లోకి వాసనలు రాకూడదని మావాళ్ల నమ్మకం. పౌడరు, మల్లెపూలు, తాలింపు ఏ వాసన తగిలినా మేత మానేస్తాయట. ఆ వారమంతా టీచరమ్మ పూలు పెట్టుకోకుండా, పౌడరు రాసుకోకుండా, గడప దగ్గర బ్లీచింగు నీళ్లలో కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేది. మేం తట్టల్లో ఆకు వేస్తూ పన్నెండో ఎక్కం చెప్పాలి. పురుగులు ఆకు కొరికే చప్పుడు రేకుల మీద సన్న వాన పడినట్టు ఉండేది. ఆ వానలో మా ఎక్కాలు. మా పక్కింటి పిల్ల ఒక్కచోట కూడా తడబడకుండా పదిహేనో ఎక్కం దాకా పోయేది. నేను ఏడో ఎక్కం దగ్గరే ఆకు అయిపోయిందని తోటలోకి పరిగెత్తేదాన్ని. ఇంత ఎత్తు ఎదిగి ఎన్ని శిక్షణలకు వెళ్లినా, అంత చక్కటి తరగతి గది నాకు మళ్లీ కనబడలేదు.

ఆ వారంలోనే మా అమ్మ సంతకం నేర్చుకుంది. ఆకు తరిగే కత్తి పక్కన పెట్టి, నా పలక తీసుకుని, సిగ్గుపడుతూ మొదటి అక్షరం దిద్దింది. టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, “అక్కా, కత్తి పట్టినట్ల కాదు, ఒదులుగా పట్టుకో” అంటుంటే మా అవ్వ పగలబడి నవ్వింది. అమ్మ పేరు నాలుగు అక్షరాలు. నాలుగు రోజులకు వచ్చేసింది.

ఇక మా తాత అలవాటు ఒకటి చెప్పాలి. ఇంటికి ఎవరు వచ్చినా, ఎట్లుండారు అని అడిగితే, ఏ కొదవా లేదప్పా అనేవాడు. మా ఊళ్లో అందరి మర్యాదా అదే గానీ ఆయనది మరీ ఎక్కువ. ఒక ఏడాది టమాటా ధర పడిపోయి, మార్కెట్టుకు తీసుకుపోతే బాడుగ కూడా రాదని రోడ్డు పక్కన కుప్పలు పోసేశారు. ఆ వారంలోనే కుప్పం నుంచి మా పిన్ని వాళ్లు వచ్చారు. తాత అరుగు మీద కాళ్లు చాపుకుని, ఏ కొదవా లేదంటూ పంటల గురించి గొప్పలు చెబుతున్నాడు. అదే నిమిషంలో వాళ్ల కాఫీకి చక్కెర కోసం నేను దొడ్డిదారిన పక్కింటికి గ్లాసు పట్టుకుని పరిగెత్తుతున్నాను. లేమి బయటికి చెప్పుకుంటే పరువు పోతుందని మాకు పాలతో పాటు పట్టారు.

ఒక శీతాకాలం, పెద్ద ఆఫీసు నుంచి ఒక సారు బళ్లు చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. వాలంటీర్లతో నడిచే బళ్లు చూసి, ఎక్కడ కష్టం ఎక్కువో రాసుకుని వెళతాడట. అలా రాసిన ఊళ్లకు పక్కా పోస్టు వస్తుందని, బాకీ పడ్డ డబ్బు ముందు వాళ్లకే వదులుతారని, పోస్టు వస్తే పనిచేస్తున్నవాళ్లనే మొదట చూస్తారని చెప్పుకున్నారు. ఆ సాయంత్రం టీచరమ్మ బస్సు వదులుకుని మరీ మా ఇంటికి వచ్చింది. అరుగు కింద నిలబడి, “పెద్దాయనా, ఆ సారు అడిగితే ఉండేది ఉన్నట్ల చెప్పండి. నాకు ఇదొక్కటే దావ” అంది. తాత గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “నువ్వు దిగులు పడొద్దమ్మా. నిన్ను తక్కువ చేసి మాట్లాడతానా?” అన్నాడు. ఆ మాటకే నాకు ఇప్పుడు ఏడుపొస్తుంది. ఆయన నిజంగానే ఆమెకు మాట ఇచ్చాననుకున్నాడు.

సారు వచ్చే రోజున బడిలోని తట్టలూ చంద్రికలూ అన్నీ బయటికి మోశారు. గది ఒక్కసారిగా పెద్దదై, మాకే కొత్తగా అనిపించింది. గోడలకు సున్నం కొట్టారు. పైకప్పు కారి గోడ మీద చారలు పడ్డ చోట బోర్డు అడ్డం పెట్టారు, కారే సంగతి కనపడకుండా. మామిడాకులు కట్టారు. సారుకు నాటుకోడి, సంగటి, పితికిపప్పు, బొబ్బట్లలాంటి ఓళిగలు. ఆయన చెడ్డవాడేం కాదు. కళ్లజోడు తుడుచుకుంటూ అందరినీ మెల్లగా, మర్యాదగానే పలకరించాడు. టీచరమ్మ బోర్డు పక్కన నిలబడింది. ఆ రోజు కొత్త చీర కట్టుకుంది, లేదా ఉన్న చీరే ఇస్త్రీ చేయించుకుని వచ్చిందేమో, నాకు కొత్తగానే కనబడింది.

ఆమెకు డబ్బు సరిగా అందడం లేదు కదా, ఎలా నెట్టుకొస్తున్నారు అని సారు అడిగాడు. అడిగింది టీచరమ్మనే. కానీ ఆమె నోరు తెరిచేలోపే తాత లేచి నిలబడ్డాడు. “మేముండాం కద సార్. దినానికొక ఇల్లు కూడు పెడతాండాం. ఆయమ్మకు ఏ కొదవా లేదు” అన్నాడు. వెనకాల ఉన్నవాళ్లందరూ అవునవునని తలలూపారు. సారు ఆశ్చర్యపోయి, నిజమేనా పాపా అని ముందు వరసలో కూర్చున్న నన్ను అడిగాడు.

నన్ను అడిగాడు! నా అంత పెద్దమనిషి ఊళ్లో లేదనుకున్నాను. లేచి చేతులు కట్టుకుని, నిన్న ఎవరిల్లు, మొన్న ఎవరిల్లు, ఎవరేం పెడతారు, గడగడా ఒప్పజెప్పేశాను. ఎక్కాలు రానిదాన్ని, అది మాత్రం ఒక్కచోట తడబడలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. అందరూ నవ్వుతున్నారని ఇంకా ఉబ్బిపోయి, “మిగిలింది టీచరు డబ్బాలో పెట్టుకోని మదనపల్లెకు తీసకపోతాది సార్. వాళ్లమ్మ కూడా మా ఊరి కూడే తింటాది” అన్నాను.

ఊరంతా గొల్లున నవ్వింది. ఎగతాళిగా కాదు, మురిపెంగా. సారు కూడా నవ్వి, ఇలాంటి ఊళ్లుంటే ప్రభుత్వానికి దిగులే లేదని ఏదో రాసుకున్నాడు. చప్పట్లు కొట్టారు. నేను టీచరమ్మ వైపు చూశాను, మెచ్చుకుంటుందని. ఆమె మా వైపు వీపు పెట్టి బోర్డు తుడుస్తోంది. బోర్డు మీద అప్పటికి ఏమీ లేదు.

నెల తిరిగేలోపు కాగితం వచ్చింది. మా ఊళ్లో గ్రామస్థుల సహకారం చాలా బాగున్నందువల్ల పక్కా పోస్టు వేరే ఊరికి ఇచ్చామని, ఇక్కడ ఉన్నది ఉన్నట్టే నడపవచ్చని అందులో ఉంది. తాత దాన్ని టీచరమ్మ చేతనే చదివించుకున్నాడు. ఆమె మొదటి నుంచి చివరిదాకా పాఠం చదివినట్టు చదివి, మడిచి ఆయన చేతికిచ్చింది. తాత చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. “మర్యాదకు చెప్పిన మాటను లెక్కలోకి ఎత్తుకున్న్యాడే” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

మర్నాడు మా ఇంటి వంతు. అమ్మ తెల్లవారుజామున లేచి పితికిపప్పు చేసింది. నేను ఆ రోజు దారిలో మూత కూడా తీయలేదు. టీచరమ్మ ముందు క్యారియరు పెట్టాను. ఆమె తన బుట్టలోంచి ఒక పొట్లం తీసింది. బొరుగులు, రెండు పచ్చిమిరపకాయలు. “నేను తెచ్చుకున్న్యాను పాపా. ఇంటికి తీసకపో” అంది. అన్నం వాసన గదంతా నిండి ఉంది. ఆమె కిటికీ వైపు తిరిగి బొరుగులు తింది. నేను క్యారియరు ఎత్తుకుని తిరిగి వస్తే, అమ్మ మూత తీసి చూసి, అలాగే మూసి, మేమేం తప్పు చేసినాం అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ కూర ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ తినలేదు. ఆ రోజు నుంచి ఏ ఇంటి క్యారియరూ ఆమె ముట్టలేదు. ఊళ్లో కొందరు గర్వమన్నారు. జీతం ఇవ్వకుండా పెట్టే అన్నం గొంతు దిగదని అప్పుడు మాకెవరికీ తెలియదు.

తాతకు మాత్రం నిద్ర పట్టలేదు. ఊరివాళ్ల చేత ఒక అర్జీ రాయించాడు. కొదవ ఉంది, అప్పుడు తప్పు చెప్పాం, టీచరమ్మకు జీతం ఇప్పించండి అని. వచ్చినవాళ్లు సంతకాలు, రానివాళ్లు వేలిముద్రలు వేశారు. మా అమ్మ పెన్ను ఒదులుగా పట్టుకుని తన నాలుగు అక్షరాలూ రాసింది. ఆ కాగితం మీద ఉన్న ఒకే ఒక ఆడమనిషి సంతకం అది. జీవితంలో ఎన్నడూ లేమి చెప్పుకోని మనిషి, పంచె మార్చుకుని ఆ అర్జీ పట్టుకుని మదనపల్లెలో, పుంగనూరులో ఆఫీసుల చుట్టూ తిరిగాడు. సారు రాసిన రాత ఒకలా ఉంటే మీరు ఇప్పుడు ఇంకోలా చెప్తే ఎలా అన్నారట. ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా పడుకున్నాడు.

ఆ ఎండాకాలం సెలవుల తర్వాత టీచరమ్మ రాలేదు. బడికి మళ్లీ తాళం పడింది. తట్టలూ చంద్రికలూ మెల్లమెల్లగా గదంతా ఆక్రమించాయి. నన్ను కుప్పంలో మా పిన్ని ఇంట్లో పెట్టి చదివించారు. కలిగినవాళ్లం కాబట్టి కాదు, అక్కడొక పిన్ని ఉంది కాబట్టి. పదిహేనో ఎక్కం చెప్పిన మా పక్కింటి పిల్లకు అలాంటి పిన్ని ఎవరూ లేరు. ఆమె ఇప్పుడు మల్బరీ ఆకు కోత కూలికి పోతుంది. మేస్త్రీ కూలీ లెక్క చెప్పేలోపు ఈమె నోటితో చెప్పేస్తుందని, అందుకే మేస్త్రీలు తనను పనికి పిలవడానికి జంకుతారని నవ్వుతూ చెబుతుంది. ఆ నవ్వు చూసి ఇంటికి వచ్చిన రోజు నాకు అన్నం సయించదు.

నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాది, వెతుక్కుంటూ మదనపల్లె టమాటా మార్కెట్టుకు వెళ్లాను. టీచరమ్మ ఒక మండీలో లెక్కలు రాస్తోందని ఎవరో చెప్పారు. బాక్సుల గుట్టల మధ్య, కుళ్లిన టమాటా వాసనలో, చిన్న బల్ల ముందు కూర్చుని ఉంది. జుట్టు ముందువైపు తెల్లబడింది. అక్షరాలు మాత్రం అవే, బోర్డు మీద ఉన్నట్టు గుండ్రంగా. నన్ను గుర్తుపట్టి, ఉద్యోగం మాట విని, లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. ఈడ జీతం శనివారం శనివారం చేతిలో పెడతారు పాపా అని తనే చెప్పింది, నేను అడగకపోయినా.

ఎన్నో ఏళ్లుగా లోపల మోస్తున్నది అప్పుడు బయటపడింది. ఆ పొద్దు నేను అట్లా చెప్పి ఉండకూడదు టీచర్ అన్నాను. ఆమె కాసేపు పెన్ను మూత పెట్టి తీసింది. “నువ్వు చెప్పింది నిజమే కదా. అడగాల్సింది నేను. అన్నం పెట్టినోళ్లందరూ ఎదురుగా కూసోనుంటే, నాకిది చాల్లేదని ఎట్ల చెప్పేది?” అంది. మళ్లీ తనే, “మా అమ్మ పోయే దాకా అడిగేది, ఆ ఊరి పితికిపప్పు యాలమ్మా తేవడంలేదు అని. ఈ ఏడు అనపకాయలు కాయలేదంట అని చెప్పేదాన్ని. ప్రతి ఏడూ అదే చెప్పేదాన్ని” అంది. లారీ వాడెవడో లెక్క అడిగితే అటు తిరిగింది. ఆ మధ్యాహ్నం నేను ఆమెకు పూలూ పండ్లూ ఇచ్చి వచ్చాను. అనపకాయల కాలం కాదు అది.

బస్సు పలమనేరు దాటి పుంగనూరులో ఆగి మళ్లీ కదిలింది. ఫారం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మా బడిలోని ఆ అమ్మాయికి బళ్లు తెరిచినప్పటి నుంచి డబ్బు రాలేదు. ఊళ్లో తల్లులు వంతులు వేసుకుని మధ్యాహ్నం అన్నం పంపుతున్నారు. ఎవరూ చెప్పకుండానే ఆ పద్ధతి అక్కడా పుట్టింది. మన జనం మంచివాళ్లు. ఆ మంచితనం చూస్తే నాకు కళ్లు నిండుతాయి, వెంటనే భయం వేస్తుంది. ఆ అమ్మాయి కూడా సగమే తింటోంది, నేను చూశాను.

ఆ గడిలో అన్నం మాట రాయలేదు. ఏ నెల నుంచి జీతం రాలేదో, ఎన్నిసార్లు రాసి పంపామో, ఆమె ఎంత దూరం నుంచి వచ్చి పోతోందో రాశాను. గడి చాలక మార్జిన్లోకి, మార్జిన్ చాలక వెనక వైపుకు పోయాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోయాయి. టీచరమ్మ చూస్తే చెరిపి మళ్లీ రాయమనేది.

పక్కనున్న పట్టుగూళ్లామె చాలాసేపటి నుంచి చూస్తోంది. “ఏమి రాస్తాండావమ్మా అంత పెద్దగా?” అంది.

“కొదవ ఉండాదని రాస్తాండాను” అన్నాను.

ఆమె వింతగా చూసి, ఎవరైనా అట్లా రాసుకుంటారా అంది. నేను సంచి మీద చెయ్యి వేశాను. లోపల గూళ్లు మెత్తగా కదిలాయి, ఆ పాత వాసన ఇంకొంచెం లేచింది. కిటికీ అవతల మా ఊరి క్రాస్ వచ్చింది. ఒకప్పుడు ప్రతి పొద్దునా ప్లాస్టిక్ బుట్ట పట్టుకుని టీచరమ్మ అక్కడ దిగేది. దిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కండక్టరు అరిచాడు. ఎవరూ లేరు. బస్సు ఆగలేదు.